పాత పీఎఫ్ తీసుకోవాలా, మార్పించుకోవాలా?

ప్రశ్న: గురువుగారూ, మాది ఒడిశాలోని రాయగడ. ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్ళ నాలుగు నెలలు చేసి, ఈమధ్యే విశాఖలో కొత్త ఉద్యోగంలో చేరాను. పాత పీఎఫ్ మొత్తం తీసేసుకోమని తోటివాళ్ళు అంటున్నారు. మాఘంలో చెల్లి పెళ్ళి. పైగా ఆధార్‌లో నా పేరు ఒకలా, పీఎఫ్‌లో ఇంకోలా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: బాబూ, తీయొద్దు. విశాఖ ఖాతాకు మార్పించుకో. మొత్తం తీసుకునే వెసులుబాటు పని లేకుండా ఉన్నవాళ్ళకి. నువ్వు మళ్ళీ పీఎఫ్ ఉన్నచోటే చేరావు. ఖాళీగా ఉన్నానని రాసి సంతకం పెట్టకు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1996 నుంచి ఏడేళ్ళు ఒక మిల్లు టైమ్ ఆఫీసులో చేసి మానేశాక, డబ్బు తీసేసుకోవడానికి పీఎఫ్‌కి ఫారం 19, పెన్షన్‌కి ఫారం 10సీ ఒకే రోజు నింపి ఇచ్చేశాను. వద్దన్నవాళ్ళు లేరు. ఆ డబ్బుతో వంటింటికి శ్లాబు వేయించాం. రెండో చోట తొమ్మిదేళ్ళ మూడు నెలలు చేసి యాభై ఎనిమిదికి దిగిపోయాను. పెన్షన్‌కి పదేళ్ళు ఉండాలి. పాత సర్వీసు ఆ ఫారం 10సీతోనే పోయింది. రెండు సర్వీసులూ కలిసి ఉంటే పదహారేళ్ళు! ఇప్పటికీ మా ఆవిడ నెలాఖరులో పచారీ చీటీ రాస్తుంటే నాకు ఆ ఫారమే గుర్తొస్తుంది.

జీతంలో కోసే 12 శాతం అంతా పీఎఫ్‌కే పోతుంది. యాజమాన్యం కట్టే 12లో 8.33 పెన్షన్‌కి విడిపోతుంది, అదీ 15,000 జీతం వరకే. అంటే నెలకి మహా అయితే 1,250. చివరి అయిదేళ్ళ సగటు జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తే వచ్చేది పెన్షన్. 15,000 మీద నీ ఆరేళ్ళ వాటాయే నెలకి 1,285 రూపాయలు, 58 నుంచి బతికినంత కాలం. ఇప్పుడు తీస్తే ఆ పెన్షన్ వాటా కింద వచ్చేది లక్షకి అటూ ఇటూగా, ఒక్కసారి.

మార్పిడి అయ్యాక కొత్త పాస్‌బుక్‌లో పెన్షన్ గడిలో సున్నా కనబడుతుంది. డబ్బు పోయిందని చాలామంది హడలిపోయి నా దగ్గరికి వస్తారు. పెన్షన్ వైపు కొత్త ఖాతాకి మారేది సర్వీసు లెక్క, సొమ్ము కాదు. పాత ఖాతా, సర్వీసు వివరాలుండే అనెక్సర్ కె అనే కాగితం తీసుకుని, చేరిన తేదీ, మానిన తేదీ వేలు పెట్టి చూసుకో.

ఇక పేరు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి మనవాళ్ళందరికీ ఉన్న తంటా ఇది. ఇంట్లో ఇంటిపేరు ముందుంటుంది, ఒడియా బడి సర్టిఫికెట్‌లో చివరికి పోతుంది, పీఎఫ్‌లో గుమాస్తా ఒక పొడి అక్షరం వేసి ఊరుకుంటాడు. ఆధార్‌లో ఎలా ఉందో పీఎఫ్‌లో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. వివరాలు సరిచేయమని ఇచ్చే ఉమ్మడి డిక్లరేషన్ పెట్టి, అవసరమైతే యాజమాన్యం చేత ఆమోదం వేయించు. ఇదయ్యాకే మార్పిడి. కొత్త ఆఫీసుకి పాత యూఏఎన్ నంబరే (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఇవ్వు, రెండోది పుట్టనివ్వకు.

చెల్లి పెళ్ళి చిన్న బాధ్యత కాదు, నాకు తెలుసు. సర్వీసు నిబంధన సరిపోతే పెళ్ళి ఖర్చుకని పీఎఫ్ నుంచి అడ్వాన్సు అడిగే వీలుంది, నీకు సరిపోతుందో లేదో ముందు కనుక్కో; అది పెన్షన్‌ని ముట్టుకోదు. కాకపోతే పేరు తేడా ఉంటే ఆ క్లెయిమూ తిరిగొస్తుంది. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఒక పూట పాత టైమ్ ఆఫీసులో కూర్చుని ఆ పేరు పని పూర్తిచేయించుకునే విశాఖ బండి ఎక్కు.