అన్నయ్యకు కిడ్నీ ఇస్తే అర ఎకరం తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా. డయాలసిస్‌పై ఉన్న అన్నయ్యకు కిడ్నీ ఇవ్వాలనుకుంటున్నాను. బదులుగా నాన్నగారి స్వార్జిత భూమిలో అర ఎకరం నా పేర రాస్తానంటున్నాడు. నాన్నగారు వీలునామా రాయకుండానే పోయారు. కిడ్నీ ఇవ్వడానికి సమ్మతిగా మా వారు సంతకం పెట్టనంటున్నారు. కుట్టుపని మీదే బతుకుతున్నాను, పని ఆగితే వచ్చే నష్టం అడగవచ్చా?

జవాబు: అమ్మా, కిడ్నీకి బదులుగా సెంటు భూమి కూడా తీసుకోకండి. అవయవ మార్పిడి కేంద్ర చట్టం (1994) ప్రకారం అది అమ్మకమే. 2011 సవరణ తర్వాత శిక్ష 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా. ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఇద్దరూ నేరస్థులే.

అయితే మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది వేరే విషయం. వీలునామా లేని తండ్రి స్వార్జితంలో, మీరు హిందువులైతే, కొడుకుతోనూ తల్లితోనూ సమానంగా కూతురికీ వాటా ఉంది. కిడ్నీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ భూమిలో మీ భాగం మీదే. మీ సొంత హక్కును మీ శరీరానికి వెలగా ఎవరూ చూపకూడదు. మీ భాగం అర ఎకరం కంటే ఎక్కువే కావచ్చు కూడా. పంపకాలను ఆపరేషన్‌తో ముడిపెట్టకుండా విడిగా రిజిస్టర్ చేయించుకోండి. ఈలోగా హక్కు విడుదల పత్రం (మీ వాటా వదులుకున్నట్టు రాసే కాగితం) మీద సంతకం పెట్టవద్దు.

పని నష్టం మాత్రం నిస్సంకోచంగా అడగండి. దానం వల్ల నేరుగా కలిగే ఖర్చులను, పోయిన సంపాదనను చట్టం ప్రతిఫలంగా లెక్కించదు. కోలుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల్లో అవయవం దానం చేసినవారికి 42 రోజుల వరకు ప్రత్యేక సెలవు ఇస్తోంది. మీ నెల ఆదాయం, ప్రయాణం, మందులు, తర్వాతి పరీక్షల ఖర్చులు కాగితం మీద రాసి, రసీదులు దాచండి. అన్నయ్య ఆరోగ్య బీమాలో దాత ఖర్చులు ఎంతవరకు వస్తాయో ముందే కనుక్కోండి. ఇకపై మీరు బీమా తీసుకునేటప్పుడు కిడ్నీ ఇచ్చిన సంగతి దాచకండి.

చట్టం దృష్టిలో చెల్లెలు దగ్గరి బంధువే కనుక మీరు దానం చేయడానికి ఆ విషయంలో ఇబ్బంది లేదు. భర్త సమ్మతిని చట్టం తప్పనిసరి చేయలేదు. తండ్రికి కిడ్నీ ఇవ్వదలచిన ఒక వివాహిత కేసులో 2022లో ఢిల్లీ హైకోర్టు ఇదే చెప్పింది. అయినా మీ వారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన భయం మీ ఆరోగ్యం గురించే కావచ్చు. ఆస్పత్రిలో మిమ్మల్ని ఒంటరిగా అడిగినప్పుడు నిజం చెప్పండి. మత్తు ఇచ్చేవరకూ వద్దనే హక్కు మీకుంది.