పాఠకుల సందేహాలు: తండ్రి లేని మగ కందిరీగలు

ప్రశ్న: యూరప్‌లో తేనెటీగల పెంపకందారులకు టెన్షన్‌గా మారిన ఆసియా హార్నెట్లన్నీ ఒకే రాణి సంతానమని చదివాను. దగ్గరి సంబంధాల్లో పుట్టినవాటికి జబ్బులు ఎక్కువంటారు కదండీ, మరి ఇవెలా బతికాయి? అసలు ఒక్క రాణేనని ఎలా తేల్చారు?

జవాబు: హార్నెట్లంటే కందిరీగల్లో పెద్ద రకాలు. మీరు చెప్పినది వెస్పా వెల్యుటీనా. ఫ్రాన్స్‌లో 2004లో బయటపడింది. చైనా నుంచి వచ్చిన కుండల సరుకులో దాక్కుని వచ్చిందని మొదటినుంచీ అనుమానం. అది జరగని పనేం కాదు. జతకట్టిన రాణి శీతాకాలమంతా ఏదో ఒక సందులో ముడుచుకుని పడుకుంటుంది, వీర్యం కడుపులోనే భద్రంగా ఉంటుంది.

అనుమానాన్ని తేల్చింది డీఎన్ఏ. కణంలో శక్తి తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియాల్లో ఉండే డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది. యూరప్ హార్నెట్లలో అది ఒకే రకంగా ఉంది. 2015లో వచ్చిన పరిశోధన వాటి మూలాన్ని చైనా తూర్పు ప్రాంతాలైన జెజియాంగ్, జియాంగ్సు వైపు చూపింది. 2021లో డబ్లిన్‌లో దొరికిన హార్నెట్‌దీ అదే తల్లి వరస. అయితే అక్కచెల్లెళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చినా ఈ పరీక్షలో ఒకే తల్లిలా కనిపిస్తారు. అందుకే ‘కొద్దిమంది రాణులు, బహుశా పలు మగవాటితో జతకట్టిన ఒక్కతే’ అనడం సరైన మాట. హెడ్డింగులో అంత పట్టదు, పాపం.

ఇక బతకడం సంగతి. కందిరీగల్లో ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడదవుతుంది, జరగనిది మగదవుతుంది. అంటే మగదానికి తండ్రే ఉండడు, క్రోమోజోములు ఒక్క సెట్టే. మనలోనైతే పాడైన జన్యువు రెండో కాపీ చాటున తరతరాలు నడుస్తుంది. మగ కందిరీగకు ఆ చాటు లేదు. లోపం ప్రాణాంతకమైతే ఆ మగది చస్తుంది, దానితో ఆ జన్యువూ పోతుంది. ఇలా వంశం ఎప్పటికప్పుడు కొంత శుభ్రపడుతూ ఉంటుంది.

కానీ ఇబ్బంది లేకపోలేదు. ఆడా మగా తేల్చే జన్యువుకు రకాలు చాలా ఉంటాయి. గుడ్డులో రెండు వేర్వేరు రకాలు కలిస్తే ఆడది. అన్నాచెల్లెళ్ల సంతానంలో రెండూ ఒకటే కావచ్చు, అప్పుడు ఫలదీకరణ జరిగినా మగదే పుడుతుంది. దానివల్ల గూటికి పని జరగదు, సాధారణంగా సంతానమూ కలగదు. ఫ్రాన్స్ గూళ్లలో పనిగత్తెలే ఉండాల్సిన తొలి రోజుల్లోనే ఇలాంటి మగవి కనిపించాయి.

లెన్స్ పెట్టి మీసాల కణుపులు లెక్కపెడితే ఆడదానికి 12, మగదానికి 13. మగది కుట్టలేదు కూడా. కొండి అన్నది గుడ్లు పెట్టే అవయవం మారి వచ్చినదే, మగదానికి అదెక్కడిది? కానీ తండ్రి ఉన్న మగదేదో, లేనిదేదో లెన్స్ చెప్పదు. డీఎన్ఏలో ఒకే చోట రెండు వేర్వేరు రకాలు దొరికితే దానికి తండ్రి ఉన్నట్టే.

ఇంత నష్టం ఉన్నా వ్యాప్తి ఆగలేదంటే కారణం సంఖ్యాబలం. బాగా ఎదిగిన ఒక్క గూటి నుంచి శరదృతువులో వందల కొత్త రాణులు బయటికి వస్తాయి. ఏ కొన్ని నిలిచినా చాలు.

ప్రశ్న: ఈ జన్యు పరిశోధనలతో ఎవరికేం లాభం?

జవాబు: వెస్పా ప్రజాతిలో (జీనస్‌లో) 22 జాతులున్నాయి, ఎక్కువ ఆసియావే. వాటిలో అన్నిటికంటే పెద్దది మాండరీనియా. అది 2019లో కెనడాలోని నానైమోలోనూ, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలోనూ కనబడింది. రెండూ దగ్గర ప్రాంతాలే కాబట్టి ఒకే గుంపని ఎవరైనా అనుకుంటారు. డీఎన్ఏ చూస్తే ఒకటి జపాన్ వైపుది, ఇంకొకటి దక్షిణ కొరియా వైపుది. అంటే ఆ పురుగు రెండు వేర్వేరు దారుల్లో వచ్చిందన్నమాట. ఓడరేవుల్లో ఏ సరుకు మీద కన్నేయాలో తెలియాలంటే ముందు తెలియాల్సింది ఇదే. వాషింగ్టన్‌లో గూళ్లు వెతికి తీసేశారు, 2024 డిసెంబరులో అమెరికా ఆ జాతి తమ దేశంలో లేదని ప్రకటించింది.