ఓడ ముందు కొసన బొమ్మను ఎందుకు చెక్కేవారు?

బరంపురంలో చదువుతున్న మా మేనల్లుడూ ఇదే అడిగాడు. ఓడకూ ప్రాణముంటుందని, ఆ బొమ్మ దారి చూసి కాపాడుతుందని నావికులు నమ్మేవారు. చదువు రానివారు బొమ్మను బట్టే ఓడను గుర్తుపట్టేవారు. 1869 నాటి బ్రిటిష్ ఓడ కటీ సార్క్ ముందున్న స్త్రీ బొమ్మ చేతిలో గుర్రపు తోక ఉంటుంది.

నాకు మాత్రం అజంతా రెండో గుహలోని ఓడ చిత్రమే ప్రాణం. మూడు తెరచాప కొయ్యలు, ముందు భాగాన గీసిన కన్ను, వెనుక వరుసగా పేర్చిన జాడీలు. ఆ జాడీలను తప్పక చూడండి, నావికుల రోజువారీ బతుకు అక్కడే కనిపిస్తుంది.

బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ తీరంలో మన తెలుగు జాలరుల పాత మసులా పడవలకు మేకులుండేవి కావు. పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం కొడితే అవి విరగకుండా వంగేవి.