బ్యాంకాక్‌లో టీచర్ జీతంతో ఇల్లు: అద్దె కంటే ముందు కరెంటు మీటరు చూడమనండి

ఒడిశాలోని రాయగడ నుంచి ఒకావిడ అడిగారు. తమ్ముడికి బ్యాంకాక్‌లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చిందట, జీతం నెలకి 30 వేల బాత్. తక్కువ అద్దెకి అపార్ట్‌మెంట్ ఏ ఏరియాలో దొరుకుతుంది, ఇక్కడి నుంచే ఫొటోలు చూసి అడ్వాన్స్ కట్టేయొచ్చా అని ఆవిడ ప్రశ్న.

కట్టొద్దండీ. ఒక్క బాత్ కూడా కట్టొద్దు. మాది బరంపురం. 2018 మే నుంచి 2022 మార్చి వరకు నేను అక్కడ టీచరుగా చేశాను, మీరు ఇప్పుడు చేయబోతున్న తప్పే అప్పుడు నేనూ చేశాను.

ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఎనిమిది ఫొటోలు చూశాను. ఏజెంటు చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆన్ నట్ సిటీ రైలు స్టేషన్ దగ్గర గది, నెలకి 9,500 బాత్. రెండు నెలల డిపాజిట్, ఒక నెల అద్దె ముందుగా, మొత్తం 28,500. నా నెల జీతం 28 వేలు. అంటే మొదటి జీతం కళ్ళ చూడకముందే అంతకంటే ఎక్కువ ఖర్చయిపోయింది. ఆ డబ్బు అమ్మ గాజులు తాకట్టు పెట్టి తెచ్చాం. అప్పట్లో ఒక బాత్ అంటే మన రెండు రూపాయల పైచిలుకు, లెక్క మీరే వేసుకోండి.

తీరా వెళ్ళి చూస్తే, నేల మీద సూట్‌కేసు తెరిస్తే తలుపు తెరుచుకోదు. కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ. వంటిల్లు లేదు. అక్కడ చాలా చిన్న గదులకి వంటిల్లు ఉండదు, జనం బయట తినేస్తారు. మనకేమో పూటకోసారి పోపు పడాలి. అయినా ఇవేవీ నన్ను అంత బాధపెట్టలేదు. నెల తిరిగేసరికి వచ్చిన కరెంటు బిల్లుతోనే గుండె ఆగినంత పనైంది. 330 యూనిట్లు, యూనిట్‌కి 8 బాత్, మొత్తం 2,640. రాత్రి ఏసీ వేసుకోవడం తప్ప నేను చేసిందేమీ లేదు. ప్రభుత్వ సంస్థ ఇళ్ళకి వేసే రేటు అప్పుడు 4 బాత్ చుట్టుపక్కలే ఉండేది. మిగతాదంతా ఓనరు లాభం.

ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు. అక్కడ అపార్ట్‌మెంట్ అంటే బిల్డింగ్ మొత్తం ఒకే ఓనరుది. కరెంటు, నీళ్ళ లెక్క ఆయన ఆఫీసే వేస్తుంది. కాండో అంటే ఒక్కో గదికి ఒక్కో ఓనరు ఉంటారు, కరెంటు బిల్లు మామూలుగా నేరుగా ప్రభుత్వ సంస్థ నుంచి వస్తుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. అద్దెలో కాండో వెయ్యి బాత్ ఎక్కువ కనిపించినా, ఏసీ వేసేవాళ్ళకి నెలాఖరుకి అదే చవకపడొచ్చు. ఐదు గదులు, అంతకు పైన అద్దెకిచ్చే ఓనర్లు కరెంటు మీద లాభం వేసుకోకూడదని 2018 మేలో, సరిగ్గా నేను దిగిన నెలలోనే, అక్కడ నియమం వచ్చింది. మా బిల్డింగ్ ఆఫీసువాళ్ళని అడిగితే నవ్వి ఊరుకున్నారు. థాయ్ రాని టీచరమ్మ ఎక్కడికెళ్ళి ఫిర్యాదు చేస్తుందన్న ధీమా వాళ్ళది.

నాలుగు నెలలు ఓర్చుకుని బయటికొచ్చేశాను. అగ్రిమెంట్ ఏడాదికి కాబట్టి 19 వేల డిపాజిట్ పోయింది. ఆ రోజు అమ్మకి ఫోన్ చేసి చెప్పలేకపోయాను.

ఇప్పుడు రెండో ఇల్లు ఎలా దొరికిందో కాస్త వివరంగా చెప్తాను, మీ తమ్ముడికి పనికొచ్చేది ఇదే.

మా నాన్నగారు కరెంటాఫీసులో చేసేవారు. ట్రాన్స్‌ఫర్ల మీద రాయగడ, భవానీపట్నా, ఫుల్బణి అన్నీ తిరిగాం. ఎక్కడికెళ్ళినా ఆయన పద్ధతి ఒకటే. సామాను తెలిసినవాళ్ళింట్లో పెట్టి, సాయంత్రం చొక్కా మార్చుకుని, నన్ను వెంటేసుకుని వీధివీధీ నడిచేవారు. అరుగు మీద ఎవరైనా పెద్దావిడ కనిపిస్తే ఆగి ఒడియాలో "ఘర ఖాలి అఛి కి?" (ఇల్లు ఖాళీ ఉందా) అని అడిగేవారు. మనం తెలుగువాళ్ళమని యాసలోనే తెలిసిపోతుంది. అయినా వాళ్ళ మాటలో అడిగాం కాబట్టి లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చేవారు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆయన గదుల కంటే ముందు మీటరు చూసేవారు. మెయిన్ స్విచ్ ఉంచి ఇంట్లో దీపాలు, ఫ్యాన్లు అన్నీ ఆపించి, మీటరులో చక్రం ఆగిందో లేదో నిలబడి చూసేవారు. నాకు చిన్నప్పుడు అది చాదస్తంలా అనిపించేది.

బ్యాంకాక్‌లో ఒక ఆదివారం అదే పని చేశాను. నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ టీచరమ్మ తోడొచ్చింది. మా స్కూలు బాంగ్ నా వైపు. సిటీకి దూరం అని అందరూ వద్దన్న సామ్‌రోంగ్‌కి వెళ్ళాం. రైలు అక్కడిదాకా 2017లోనే వచ్చింది. మ్యాపు చూస్తే నాకే నవ్వొచ్చింది. ఆన్ నట్ నుంచి స్కూలుకి నాలుగు స్టేషన్లు, సామ్‌రోంగ్ నుంచి రెండే. దూరం అనేది ఊరి మధ్య నుంచి కొలవకూడదు, మనం పనిచేసే చోటు నుంచి కొలుచుకోవాలి. ఏజెంట్లు విదేశీయులందరినీ ఒకే ఏరియాలో కూర్చోబెట్టి, అక్కడ అద్దెలు పెంచేస్తారు.

సందులో ఒక కుట్టుమిషన్ల షాపు, దాని మీద నాలుగు గదులు. గేటుకి అట్టముక్క మీద చేత్తో రాసిన బోర్డు. థాయ్ అక్షరాలు నాకు నాలుగైదే వచ్చు గానీ "హయ్ చావ్", అంటే అద్దెకివ్వబడును అన్న మాట గుర్తుపట్టడం నేర్చుకున్నాను. ఆ బోర్డు ఏ యాప్‌లోనూ ఉండదు. షాపులో కూర్చున్న ఆవిడకి అరవై ఏళ్ళు ఉంటాయి. అక్కడ అలాంటివాళ్ళని "పా" అంటారు, మన పెద్దమ్మ అన్నట్టు. "పా, మీ హోంగ్ వాంగ్ మయ్ ఖా?" అన్నాను. పెద్దమ్మా, ఖాళీ గది ఉందా అని. మిషన్ ఆపేసి కళ్ళద్దాలు పైకి నెట్టుకుని నన్ను తేరిపార చూసింది. నా ఉచ్చారణ బాగాలేదని నాకూ తెలుసు. అయినా ముఖం విచ్చుకుంది.

అద్దె 4,500 అంది. తర్వాత నేను "ఖా ఫయ్, నువై లా థావ్ రయ్?" అన్నాను. కరెంటు యూనిట్ ఎంత అని. ఈ ఒక్క వాక్యం మీ తమ్ముడితో కంఠస్థం చేయించండి. 6 బాత్ అంది. వరండాలో మీటర్లు వరసగా గోడకి బిగించి ఉన్నాయి, ఒక్కోదాని కింద ఎర్ర రంగుతో గది నంబరు. మూడో నంబరు గదిలో అన్నీ ఆపమని చేతులతో సైగ చేసి చెప్పాను. ఫ్యాన్ ఆపింది, లైటు ఆపింది, ఫ్రిజ్ ప్లగ్ పీకింది. నేను మీటరు ముందు నిలబడ్డాను. గాజు వెనక అల్యూమినియం చక్రం, దాని అంచు మీద నల్లటి గీత. ఆ గీత నెమ్మదిగా కుడివైపు జరుగుతూ మాయమైంది. కాసేపటికి మళ్ళీ ఎడమ వైపు నుంచి వచ్చింది. గదిలో ఏదీ నడవడం లేదు, చక్రం తిరుగుతూనే ఉంది.

పా కూడా వచ్చి ముక్కు మీటరుకి ఆనించి చూసింది. మర్నాడు ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తే తేలింది, మెట్ల మీది లైటు, నీళ్ళ మోటారు రెండూ ఆ గది మీటరుకే కలిపి ఉన్నాయి. పాత అద్దె కుర్రాడు బిల్లు ఎక్కువొస్తోందని గొడవపడితే, వాడే ఎక్కువ వాడుతున్నాడనుకుందట. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వైరు మార్పించింది. నాకు అద్దె 4,200 చేసింది, యూనిట్ 5 చేసింది. ఆమెవి నాలుగే గదులు, అప్పటి ఐదు గదుల నియమం ఆమెకి వర్తించనే వర్తించేది కాదు. ఎవరూ బలవంతపెట్టకుండానే తగ్గించింది.

"మన దేశంవాళ్ళ ఇల్లే తీసుకోండి, నమ్మకం" అని మీకు చాలామంది చెప్తారు. నేను ఒప్పుకోను. మా ముత్తాత గోపాలపూర్‌లో ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళి, 1942లో జపాన్‌వాళ్ళు బర్మాలోకి వచ్చాక కొండలు దాటి నడిచొచ్చినవాళ్ళలో ఒకరు. రంగంలో బర్మా మాట వచ్చినవాడికి ఒక అద్దె, రానివాడికి ఇంకో అద్దె అనేవారట. నేను చూసినంతలో బ్యాంకాక్ కూడా అంతే. అదీగాక మన గంజాం, కొరాపుట్, రాయగడ తెలుగువాళ్ళకి ఇది కొత్త విద్య కాదు. ఇంట్లో ఒక భాష, బజారులో ఇంకో భాషతో పెరిగినవాళ్ళం. హైదరాబాద్ నుంచి వచ్చిన టీచర్లు ఇంగ్లిష్‌తో నెట్టుకొచ్చి ఎక్కువ అద్దెలు కట్టడం చూశాను. మీ తమ్ముడు ఒడియా మాట్లాడే పిల్లాడైతే ఆరు వారాల్లో థాయ్‌లో బేరమాడతాడు, నాదీ పూచీ.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. అదే స్కూల్లో అవే క్లాసులు చెప్పే తెల్ల టీచర్లకి నాకంటే దాదాపు పదివేలు ఎక్కువ ఇచ్చేవారు. ఎమ్మెస్సీ, బీఎడ్ ఉన్న నాకు తక్కువ, ఏ డిగ్రీ అయినా పాస్‌పోర్టు రంగు బాగుంటే ఎక్కువ. అద్దె తక్కువ దొరకాలని మనం అంత తిరగాల్సి రావడానికి అసలు కారణం అదే. ఇక్కడ మెడికల్ కాలేజీ చుట్టుపక్కల నర్సింగ్ పిల్లలకి గదులిచ్చి సబ్‌మీటరు మీద ఇష్టమొచ్చిన రేటు వేసే మన బరంపురం ఓనర్లని చూసినా నాకు అంతే మండుతుంది. తిరిగొచ్చాక మా వీధిలో ఇద్దరితో ఈ విషయం మీదే మాటలు ఆగిపోయాయి.

ఏరియా అడిగారు కాబట్టి చెప్తున్నాను. ముందు స్కూలు ఏ స్టేషన్ దగ్గరో కనుక్కోండి, దానికి సిటీ వైపు కాకుండా బయటి వైపు రెండు మూడు స్టేషన్లు చూడమనండి. 2018 డిసెంబర్‌లో ఆ రైలు లైను సామ్‌రోంగ్ దాటి ఖేహా దాకా వెళ్ళింది, అటువైపు ఇంకా చవక. మొదటి వారం పది రోజులు చిన్న గెస్ట్‌హౌస్‌లో ఉండి నడిచి వెతకమనండి. స్కూలు గది ఇస్తే ఇంకా మంచిది, నెలపాటు అందులోనే ఉండొచ్చు.

ఓనరు టీఎం 30 వేస్తాడా అని కూడా మొదటి రోజే అడగాలి. విదేశీయుడు ఇంట్లో దిగితే 24 గంటల్లో ఓనరు ఇమ్మిగ్రేషన్‌కి తెలియజేసే కాగితం అది. 2019లో దీన్ని గట్టిగా పట్టుకున్నారు. మా ఫిలిప్పీన్స్ టీచరమ్మ ఓనరు వేయకపోవడంతో ఆమె వీసా పొడిగింపు ఆగి, స్కూలు మానేసి మూడు రోజులు తిరిగింది. నాకు పా తన కొడుకుని పంపించి వేయించింది.

గదిలో దిగిన రోజే గోడలు, పరుపు, బాత్‌రూమ్ ఫొటోలు తీసి ఓనరుకే పంపమనండి, తారీఖుతో సహా ఉంటాయి. 2022 మార్చిలో నేను ఖాళీ చేసినప్పుడు పా ఆ ఫొటోలు ముందు పెట్టుకుని గదంతా తిరిగింది. బాల్కనీలో నా ఇండక్షన్ స్టవ్ వెనక గోడ మీద పసుపు, ఆవాల నూనె చిందిన మరక దగ్గర ఆగి వేలితో గీకి చూసింది. డిపాజిట్‌లో సున్నానికి 200 బాత్ పట్టుకుని, మిగిలిన 8,200 మిషన్ బల్ల మీద నోటు నోటు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.