పేస్ ఒకటే, కష్టం మారుతుంది

తల్లీ,

నీ మెసేజ్ చదివాను. "పెద్దమ్మా, రెండు హాఫ్ మారథాన్‌లు పూర్తి చేశాను గానీ ఎప్పుడూ రేస్ చేయలేదు. ఈసారి రెండు గంటల్లోపు రావాలని ఉంది. ఎంత కష్టంగా అనిపిస్తే సరిగ్గా పరుగెడుతున్నట్టు?" అని అడిగావు. పేస్, అంటే ఒక్కో కిలోమీటరుకు పట్టే సమయం, ఎంతుండాలని అందరూ అడుగుతారు, ఎలా అనిపించాలని అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా తీరిగ్గా రాస్తున్నాను.

ముందు లెక్క చూసేద్దాం. హాఫ్ మారథాన్ దూరం 21.0975 కిలోమీటర్లు. కిలోమీటరుకు 5 నిమిషాల 40 సెకన్ల చొప్పున వెళితే 1:59:33కి చేరతావు. ఆ పేస్ మొదటి కిలోమీటరులో ఎంతో పదో కిలోమీటరులోనూ అంతే, పంతొమ్మిదో దాంట్లోనూ అంతే. నీకు అనిపించే తీరు మాత్రం మూడు చోట్లా మూడు రకాలు. చాలామంది ఇక్కడే పొరబడతారు. రేస్ అంటే కష్టపడాలి కదా అని మొదటి కిలోమీటరు నుంచే కష్టాన్ని వెతుక్కుంటారు. నువ్వు వెతకక్కర్లేదు తల్లీ, పేస్ అలాగే పట్టుకుంటే కష్టం తనంతట తానే వస్తుంది.

గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త, మనిషికి ఎంత కష్టంగా అనిపిస్తోందో 6 నుంచి 20 వరకు అంకెల్లో చెప్పే స్కేలు ఒకటి తయారుచేశారు. 6 అంటే ఏ శ్రమా లేదు, 20 అంటే ఇక నావల్ల కాదు. నేను ఇప్పటికీ నా పరుగులన్నీ ఆ అంకెలతోనే గుర్తుపెట్టుకుంటాను. నీ రేస్ 12 దగ్గర మొదలై 19 దగ్గర ముగియాలి. మొదట్లోనే 16 అనిపిస్తే ఎక్కడో తేడా వచ్చినట్టే.

రేసుకు ముందు వారం పరుగు తగ్గిస్తావు కదా, ఆ రోజుల్లో కాళ్లు బరువుగా, నిద్రమత్తుగా అనిపించవచ్చు. లేనిపోని నొప్పులు కూడా తోస్తాయి. ఫిట్‌నెస్ పోయిందేమో అని టెన్షన్ పడి, పరీక్షించుకోవడానికి గట్టిగా పరుగెత్తకు. ముందురోజు రాత్రి నిద్ర పట్టకపోయినా కంగారుపడకు. అంతకుముందు నాలుగైదు రాత్రులు బాగా పడుకుంటే చాలు.

స్టార్ట్ లైన్ దగ్గర గుండె దడదడలాడుతుంది, నోరు ఆరిపోతుంది, అప్పుడే వెళ్లొచ్చినా మళ్లీ టాయిలెట్‌కి వెళ్లాలనిపిస్తుంది. అదంతా మామూలే. నిలబడినప్పుడు కాస్త చలిగా అనిపిస్తే మంచిదే, పరుగు మొదలయ్యాక వేడి ఎలాగూ పుడుతుంది. పది నిమిషాలు నెమ్మదిగా జాగ్ చేసి, మూడు నాలుగుసార్లు చిన్న దూరాలు కాస్త చురుగ్గా పరుగెత్తు. నీ టైమ్‌కి అంతకన్నా వార్మప్ అవసరం లేదు.

ఇక మొదటి మూడు కిలోమీటర్లు. ఇవి నీకు విసుగు పుట్టించాలి, నిజంగానే చెబుతున్నాను. విశ్రాంతి తీసుకున్న కాళ్లు, నిండుగా ఉన్న శక్తి, చుట్టూ జనం, ఒంట్లో ఉప్పొంగే అడ్రినలిన్, ఇవన్నీ కలిసి 5:40ని 6:10లా అనిపించేలా చేస్తాయి. పైగా శరీరం అసలు లెక్క ఆలస్యంగా చెబుతుంది. పరుగు మొదలైన తర్వాత ఊపిరి, గుండె కండరాల అవసరాన్ని అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆలోపు నువ్వు ఎంత వేగంగా వెళుతున్నా హాయిగానే ఉంటుంది. కాబట్టి ఆ కాసేపు నీ అనుభూతిని నమ్మకు, వాచ్‌ని నమ్ము. మొత్తం రేసులో వాచ్ మాట ఒంటి మాటకన్నా ముందుండేది అక్కడే. అందరూ నిన్ను దాటిపోతుంటారు, పోనీ. వాళ్లలో చాలామందిని మళ్లీ చూస్తావు.

నేను మొదటిసారి గట్టిగా రేస్ చేసినప్పుడు తొలి 5 కిలోమీటర్లు అనుకున్నదానికన్నా కిలోమీటరుకు 20 సెకన్లు ముందు పరుగెత్తాను. అంటే 100 సెకన్లు చేతిలో ఉన్నాయి, అవి చివర్లో పనికొస్తాయని లెక్కేసుకున్నాను. పదిహేనో కిలోమీటరు తర్వాత ప్రతి కిలోమీటరుకూ నిమిషానికి దగ్గరగా పోగొట్టుకున్నాను. ముందు సంపాదించినదంతా రెండు కిలోమీటర్లలోనే కరిగిపోయింది, మిగిలిన నాలుగు కిలోమీటర్లూ నడక, పరుగు కలిపి లాక్కొచ్చాను. ఆ రోజు ఏడ్చాను. అలాంటిది నీకు జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాలుగు నుంచి ఎనిమిది దాకా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అడుగు, ఊపిరి ఒక లయలో పడతాయి. ఎవరైనా పలకరిస్తే ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. భుజాలు చెవుల వైపు లేచాయేమో చూసుకుని కిందికి దించు, పిడికిళ్లు వదులు చెయ్యి. 5 కిలోమీటర్ల బోర్డు దగ్గర 28:20 కనిపిస్తే చక్కగా ఉన్నట్టు.

బోర్డు అన్నాను కదా, వాచ్ గురించి ఒక మాట. రూటును కొలిచేటప్పుడు మలుపుల్లో వీలైనంత దగ్గరి దారిన కొలుస్తారు. తక్కువ రాకూడదని కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున అదనంగా కూడా కలుపుతారు. మనమేమో జనాన్ని తప్పించుకుంటూ, మలుపుల్లో వెడల్పుగా తిరుగుతూ వెళతాం. అందుకే వాచ్‌లో 21.3 దాకా రావడం మామూలే. అలా వస్తే, వాచ్ 5:41 చూపించినా రెండు గంటలు దాటి ఒక నిమిషం పైన పడుతుంది. మొదటి రెండు కిలోమీటర్లు అయ్యాక వాచ్ సగటు 5:37, 5:38 మధ్య ఉండేలా చూసుకో, అసలు లెక్క మాత్రం బోర్డుల దగ్గర సరిచూసుకో. మలుపుల్లో లోపలి అంచు పట్టుకో.

తొమ్మిది నుంచి పద్నాలుగు వరకు రేస్ మొదలవుతుంది. ఇప్పుడు బోర్గ్ స్కేలు మీద 14 లేదా 15 అనిపించాలి. మాట్లాడితే మూడు నాలుగు పదాలకే ఊపిరి తీసుకోవాల్సి రావాలి. బాధ ఉండదు, కానీ దృష్టి మళ్లితే పేస్ జారిపోతుంది. ఏదో ఆలోచిస్తూ ఉండగా ఒక కిలోమీటరు 5:50 వచ్చేస్తుంది. అందుకే ఈ భాగంలో నీ పనల్లా గమనించడమే. 10 కిలోమీటర్లు 56:40. అక్కడ నిన్ను నువ్వు ఒకటే అడుగు: "ఇదే పేస్‌లో ఇంకో ఐదు కిలోమీటర్లు వెళ్లగలనా?" అవును అని వెంటనే అనిపించాలి. ఇంకో పదకొండు వెళ్లగలనా అని మాత్రం అడగకు, ఆ ప్రశ్నకు అక్కడ ఎవరికీ ధైర్యమైన జవాబు రాదు.

జెల్, అంటే పరుగులో శక్తి కోసం మింగే చక్కెర గుజ్జు, తీసుకోవాల్సింది కూడా బాగున్నప్పుడే. నీకు రెండు గంటల పరుగు కాబట్టి గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ (పిండిపదార్థాలు, చక్కెరలు) ఉపయోగపడతాయి. 40 నిమిషాల దగ్గర ఒకటి, 75 నిమిషాల దగ్గర ఇంకొకటి. నీరసం వచ్చాక మింగితే అది రక్తంలోకి చేరేసరికి రేస్ సగం చేజారిపోతుంది. లాంగ్ రన్‌లలో అలవాటైనదే వాడు. నీళ్లు దాహాన్ని బట్టి తాగు. భయంతో ప్రతి వాటర్ స్టేషన్ దగ్గరా కడుపు నిండా తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు పదిహేను నుంచి పంతొమ్మిది. నీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. 15 బోర్డు దగ్గర 1:25:00. అక్కడి దాకా చేసిన పనే చేస్తున్నావు, అయినా ఉన్నట్టుండి అది వేరే పనిలా అనిపిస్తుంది. దానికి కారణాలున్నాయి. ఒళ్లు వేడెక్కింది, చెమటతో రక్తంలో నీరు తగ్గింది, ఒక్కసారి కొట్టుకున్నప్పుడు గుండె పంపే రక్తం తగ్గింది కాబట్టి అదే పేస్‌కి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటోంది. ఇంతసేపూ మోసిన కండరాల పోగులు అలిసిపోయాయి, ఇక వేరేవి పనిలోకి దిగుతున్నాయి. తొడలు గట్టిపడతాయి. ఊపిరి చప్పుడు నీకే వినిపిస్తుంది. ఒక్క పదం కన్నా ఎక్కువ మాట్లాడబుద్ధి కాదు. స్కేలు మీద 17 అనిపిస్తుంది.

మనసు కూడా బేరాలు మొదలుపెడుతుంది. "రెండు గంటల ఐదు నిమిషాలైనా మంచి టైమే కదా", "కాస్త నడిచి మళ్లీ అందుకుందాం", "ఈ రోజు నా రోజు కాదు". ఇవి వినిపిస్తే భయపడకు, దారి తప్పానని అనుకోకు. సరిగ్గా రేస్ చేసేవాళ్లందరికీ అక్కడ అలాగే ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా పరుగెడుతున్నాను, నాకు ఒక్కసారి కూడా పదిహేడో కిలోమీటరు తేలిగ్గా రాలేదు. అక్కడ కష్టంగా ఉందంటే ఏదో చెడిందని అర్థం కాదు, అది రావలసిన చోటే వచ్చింది. నువ్వు చేయాల్సింది ఆ కష్టాన్ని తగ్గించుకోవడానికి పేస్ వదిలేయకుండా ఉండటమే. ముందున్న మనిషి వీపు మీద చూపు నిలుపు, అక్కడి దాకా వెళ్లు, తర్వాత ఇంకో వీపు. అడుగులు పొడవు చేయకు, చిన్నగా, త్వరత్వరగా వెయ్యి. చేతులు ఊపితే కాళ్లు వాటంతటవే వస్తాయి.

ఎత్తు వస్తే ఈ నియమం పక్కన పెట్టు. అక్కడ కష్టాన్ని అలాగే ఉంచి పేస్ తగ్గనివ్వు, దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది. ఎండ గట్టిగా ఉన్న రోజు కూడా అంతే, టార్గెట్‌ను ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే సవరించుకో.

ఒక తేడా మాత్రం నీకు స్పష్టంగా తెలియాలి. రెండు తొడలూ సమానంగా మండటం, ఊపిరి బరువవడం, వాటిని భరించవచ్చు. డొక్కలో పొడిస్తే కాస్త నెమ్మదించి, పెదవులు బిగించి ఊపిరి పూర్తిగా వదులు, సాధారణంగా సర్దుకుంటుంది. ఒకే చోట సూదితో గుచ్చినట్టు నొప్పి వచ్చి కుంటుతున్నావంటే ఆగిపో. ఛాతీలో ఒత్తిడి, కళ్లు తిరగడం, ఎండలో చలి వణుకు, ఎక్కడున్నానో తెలియని అయోమయం, వీటిలో ఏది వచ్చినా ఒక్క అడుగు కూడా ముందుకు వేయకుండా మెడికల్ వాళ్లను పిలువు. ఈ ఒక్క విషయంలో నాకు మాట ఇవ్వాలి నువ్వు.

20 బోర్డు 1:53:20. ఇంకా 1,097 మీటర్లు. ఇక్కడ ఒక వింత జరుగుతుంది. రెండు కిలోమీటర్ల ముందు ఖాళీ అనుకున్న ఒంట్లో ఏదో మిగిలి ఉంటుంది. ముగింపు దగ్గరపడిందని తెలియగానే మెదడు బిగించిన పట్టు వదులుతుంది. కష్టం తగ్గదు, 19 దగ్గరే ఉంటుంది, కానీ దానికి భయపడటం ఆగిపోతుంది. అప్పుడు వాచ్ చూడకు. ఒకేసారి దూకకుండా కొద్దికొద్దిగా వేగం పెంచు. 21 బోర్డు దాటాక వంద మీటర్లు కూడా ఉండదు, అక్కడ ఉన్నదంతా పెట్టెయ్.

లైన్ దాటాక టక్కున ఆగి కూర్చోకు. రక్తమంతా కాళ్లలో ఉంటుంది, కళ్లు తిరుగుతాయి. పది నిమిషాలు మెల్లగా నడువు. ఏడుపు రావచ్చు, నవ్వు రావచ్చు, కాసేపు ఏమీ అనిపించకపోవచ్చు కూడా. రెండో రోజు మెట్లు దిగేటప్పుడు తొడలు గట్టిగా గుర్తుచేస్తాయి, మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది, ఆలోపు పరుగెత్తకు.

ఆ రాత్రి పడుకునే ముందు ఏ కిలోమీటరులో ఎలా అనిపించిందో మర్చిపోకముందే రాసిపెట్టుకో. నాకు ఫోన్ చేసినప్పుడు ముందు పదిహేడో కిలోమీటరు గురించి చెప్పు, టైమ్ ఆ తర్వాత చెబుదువు గాని.

ప్రేమతో,
పెద్దమ్మ