డిప్లొమా కుర్రాడు, కాలిన ట్రాన్స్‌ఫార్మర్

ప్రశ్న: మావాడు శ్రీకాకుళంలో డిప్లొమా ఈసీఈ రెండో సంవత్సరం. సెలవులకి పలాస వస్తే చాలు, కాశీబుగ్గలో ఓ రిటైర్డ్ పెద్దాయన ఇంట్లో పాత హామ్ రేడియో (సరదాగా దూరాలవాళ్లతో మాట్లాడుకునే రేడియో) ట్రాన్స్‌మిటర్ ముందేసుకుని కూర్చుంటాడు. దాని ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని బల్బు పెట్టి కనిపెట్టాడట. డిప్లొమా అవగానే హైదరాబాద్ పంపి ఏఐ కోర్సు చేయించాలా, బీటెక్‌లో చేరడానికి ఈసెట్ రాయించాలా? గుంటడు రిపేరు షాపులోనే ఉండిపోతాడేమోనని భయం. (ఒక తండ్రి, పలాస)

జవాబు: అయ్యా, ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. రేడియో బదులు ఒకోసారి బైకు, ఒకోసారి డ్రోను ఉంటుంది. ‘మీవాడేం చేస్తున్నాడు’ అని చుట్టాలడిగితే ఏం చెప్పాలన్న బెంగ మాత్రం అన్నిట్లోనూ ఉంటుంది.

ముందు ఆ బల్బు సంగతి. ఫ్యూజు ఎగిరినంత మాత్రాన ట్రాన్స్‌ఫార్మరే పోయిందనలేం. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ డయోడు షార్టయినా అలాగే ఎగురుతుంది. అందుకే సెకండరీ (కరెంటు బయటికిచ్చే వైపు) తీగలన్నీ విప్పేసి, ప్రైమరీకి (కరెంటు లోపలికెళ్లే వైపు) సీరీస్‌లో 60 వాట్ల బల్బు పెట్టి కరెంటిస్తారు. లోడు లేదు కాబట్టి బల్బు మిణుకుమంటే మనాలి, లేదా అసలు వెలగకూడదు. నిండుగా వెలిగిందంటే లోపల చుట్లు షార్టయినట్టే. మల్టీమీటరుకి ఇది సులువుగా దొరకదు. వందల చుట్లలో నాలుగు కలిసిపోయినా ఓమ్స్ దాదాపు అంతే చూపిస్తుంది. తీగలు విప్పాకే బల్బు పెట్టాడా అని మీవాణ్ణి అడగండి. అవునంటే, ఇంత వరసగా ఆలోచించే ఫైనలియర్ పిల్లలు కూడా నాకు తక్కువే తగిలారు.

మూడు నెలల ఏఐ కోర్సుల మీద నాకు గురి లేదు. లెక్కలు, ప్రోగ్రామింగ్ గట్టిగా వచ్చినవాడికి ఏఐ మంచి దారే. కానీ ఎవరో రాసిన కోడ్ కాపీ చేయించి సర్టిఫికెట్ చేతిలో పెడితే, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే నోరు పెగలదు. అలా తిరిగొచ్చి నా ముందు తలొంచుకుని కూర్చున్న పిల్లలున్నారు. అప్పు చేసింది నాన్న, మాటలు పడింది వాళ్లు.

కోప్పడకండి గానీ, మీ ఉత్తరమంతా వెతికినా వాడికేం ఇష్టమో ఒక్క ముక్క లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తీరం దాటింది మీ పలాస దగ్గరే కదా. కరెంటూ ఫోన్లూ లేని ఆ రోజులు మర్చిపోయారా? అలాంటప్పుడు బ్యాటరీ మీద కబురు దాటించగలిగేది మీరు చిన్నచూపు చూస్తున్న ఇలాంటి డబ్బాయే.

ఈసెట్టే రాయించండి. బీటెక్ చదువుతూ కోడింగూ నేర్చుకోవచ్చు. రైల్వే సిగ్నల్స్‌లో అయినా, ఆస్పత్రి పరికరాల సర్వీసులో అయినా లోపం పట్టేవాడికి పనుంటుంది. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ అంత రాకపోవచ్చు, ముందే చెబుతున్నాను.

నిజంగా భయపడాల్సింది మీరు అడగనే లేదు. పాత వాల్వు సెట్టయితే లోపల వందల వోల్టులుంటాయి, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో నిలవుంటుంది. ఇక సెట్టు బాగయ్యాక దాంట్లో మాట్లాడాలంటే లైసెన్సు కావాలి. దానికి పెట్టే పరీక్షకి 12 ఏళ్లు నిండితే చాలు, రాయమనండి. ఈ ఆదివారం మీరూ కాశీబుగ్గ వెళ్లి, ఒంటరిగా ఉన్నప్పుడు మూత విప్పొద్దని ఆ పెద్దాయన చేతే చెప్పించండి. పనిలో పనిగా, ఆ బల్బు ఎలా వెలిగిందో మీవాణ్ణి చూపించమనండి.