గొంతు రాకముందు పాట ఎలా ఉందో విను

తమ్ముడూ,

ఫ్రాన్స్‌కి చెందిన ఇద్దరు సంగీతకారుల బృందం ఎయిర్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాళ్ళ ఆల్బమ్‌లలో పాడిన అతిథి గాయనీ గాయకుల పేర్లన్నీ ఓపిగ్గా పోగుచేశావు. అంత ఓపిక ఉన్నవాడితో మొహమాటం లేకుండా మాట్లాడితేనే మేలని నా నమ్మకం. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గా ఉంటుంది.

నీ వ్యాసంలో పేర్లున్నాయి, సంవత్సరాలున్నాయి, ఆల్బమ్ కవర్ల రంగులు కూడా ఉన్నాయి. గొంతులు మాత్రం లేవు. బెత్ హిర్ష్ దగ్గర "మధురమైన స్వరం" అన్నావు. తొమా మార్స్ దగ్గర "మైమరపించే గానం" అన్నావు. షార్లోట్ గేన్స్‌బూర్ దగ్గరికి వచ్చేసరికి "మంత్రముగ్ధుల్ని చేసింది" అనేశావు. ఈ మూడు మాటల్నీ ఒకరి పక్కనుంచి తీసి ఇంకొకరి పక్కన పెట్టినా నీ వ్యాసంలో ఏమీ మారదు. నాకు బాధ కలిగింది అక్కడే. ఆ ముగ్గురి గొంతులకీ అసలు పోలికే లేదు కదా! చదువుతుంటే పెళ్ళికి వచ్చినవాళ్ళ చదివింపుల జాబితా విన్నట్టుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్క సంగతే. అతిథి గొంతు గురించి రాసే ముందు, ఆ గొంతు రాకముందు ఆ సంగీతం ఎలా ఉండేదో వినాలి. గొంతు వచ్చాక ఏం మారింది, దానికి చోటివ్వడానికి బృందం దేన్ని తగ్గించుకుంది, దేన్ని వదులుకుంది అన్నది పట్టుకోవాలి. ఎవరు వచ్చి పాడారో ఆల్బమ్ వెనకాలే అచ్చేసి ఉంటుంది. మిగతాది నువ్వు విని చెప్పాల్సిందే.

ఎయిర్ విషయంలో నీకు బాగా కలిసొచ్చే సంగతి ఒకటుంది. గొంతు లేని రూపం, గొంతున్న రూపం రెండూ దొరికే పాటలు వాళ్ళ దగ్గర ఉన్నాయి. మొదటిది 'ఆల్ ఐ నీడ్'. 1998 జనవరిలో వచ్చిన 'మూన్ సఫారీ'లో అది మూడో పాట. అంతకుముందే ఎయిర్ ఇద్దరూ, అంటే నికొలా గొదాన్, జాన్-బెన్వా దంకెల్ కలిసి 'లే ప్రొఫెషనెల్' అనే వాద్య సంగీతం చేశారు. వాళ్ళ తొలి రికార్డింగుల సంపుటి 'ప్రెమియే సాంప్తోమ్'లో అది ఉంది. ఆ సంగీతం మీదే, అప్పట్లో పారిస్‌లో ఉంటున్న అమెరికన్ గాయని బెత్ హిర్ష్ మాటలు రాసి పాడింది. అలా 'ఆల్ ఐ నీడ్' పుట్టింది.

ముందు 'లే ప్రొఫెషనెల్' ఒక్కటే విను. ఫోను పక్కన పడేసి, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. బేస్ ఏం చేస్తోందో, బాణీని ఏ వాద్యం నడిపిస్తోందో కాగితం మీద రాసుకో. రెండో పాట ఆ రోజు వినకు. మర్నాడు 'ఆల్ ఐ నీడ్' విని, నిన్న రాసుకున్నదాన్ని దగ్గర పెట్టుకుని చూడు. నాకు వినబడింది చెబుతాను, నీకు వేరేగా వినబడితే అదే రాయి. మొదటిదానిలో ఏ లోటూ కనిపించదు, అది దాని పాటికి అది హాయిగా నడుస్తుంది. హిర్ష్ పాడాక మాత్రం ఆ నడకకి ఒక మనిషి దొరికినట్టవుతుంది. ఆమె గొంతు పైకి ఎగబాకదు, సంగతులు వెయ్యదు. పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత దగ్గరగా పాడుతుంది. వింత వింత సింథసైజర్ శబ్దాలంటే ప్రాణం పెట్టే ఆ ఇద్దరూ ఆమె పాడుతున్నంతసేపూ వెనక్కి తగ్గి ఉంటారు. ఆ తగ్గడం గురించి నీ వ్యాసంలో ఒక్క వాక్యం ఉన్నా నేను ఎగిరి గంతేసేవాణ్ణి.

ఇంకో సంగతి గమనించావా? 'మూన్ సఫారీ'లో పాటల వరస చూడు. రెండోది 'సెక్సీ బాయ్', మూడోది 'ఆల్ ఐ నీడ్', నాలుగోది 'కెల్లీ వాచ్ ద స్టార్స్'. ముందూ వెనకా ఉన్న రెండు పాటల్లోనూ వినిపించేది యంత్రంలోంచి వడగట్టిన గొంతులు. వోకోడర్ అనే పరికరం మనిషి మాట ఆకారాన్ని తీసుకుని సింథసైజర్ శబ్దానికి తొడుగుతుంది. 1930లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో టెలిఫోన్ పరిశోధనలో భాగంగా పుట్టిన సాంకేతికత అది. అలాంటి రెండు పాటల మధ్య, ఏ ముసుగూ లేకుండా ఒక ఆడమనిషి గొంతు. ఆ గొంతు మనసుకి అంతగా ఎందుకు తగులుతుందో చెప్పడానికి విశేషణాలు వెతుక్కోనక్కర్లేదు, ఈ వరస చెబితే పాఠకుడికి తెలిసిపోతుంది.

నువ్వు డాఫ్ట్ పంక్‌తో పోల్చి "ఇద్దరిదీ ఒకే బడి" అన్నావు. ఇద్దరిదీ ఫ్రాన్సే, రెండూ ఇద్దరేసి మనుషుల బృందాలే, నిజం. కానీ అతిథుల విషయంలో వాళ్ళ దారులు వేరు. 2000లో వచ్చిన 'వన్ మోర్ టైమ్'లో డాఫ్ట్ పంక్ వాళ్ళు అమెరికన్ గాయకుడు రొమాంథనీ గొంతుని, స్వరాన్ని సరిదిద్దే ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్‌లో బాగా నానబెట్టి తమ యంత్రాల్లో ఒకటిగా చేసుకున్నారు. అది వాళ్ళ పద్ధతి, ఆ పాటకి అది అద్భుతంగా కుదిరింది. ఎయిర్ వాళ్ళు హిర్ష్ గొంతుని ఉన్నదున్నట్టు వదిలేశారు. ఈ తేడా చెబితేనే నీ పోలికకి అర్థం ఉంటుంది.

ఇక మన పాఠకుల సంగతి. తెలుగువాళ్ళకి పాట అనగానే సినిమా పాట మనసులో మెదులుతుంది. సంగీత దర్శకుడు బాణీ కడతాడు, కవి దానికి మాటలు రాస్తాడు, గాయకుడు వచ్చి పాడి వెళ్తాడు. అందుకని నువ్వు "బెత్ హిర్ష్ పాడింది" అని ఊరుకుంటే, ఆమె వచ్చి కాగితం చూసి పాడి వెళ్ళిందనే అనుకుంటారు. ఆమె రచయిత్రి కూడా అని నువ్వు చెప్పాలి. ప్రతి పాటలోనూ ఎవరి చెయ్యి ఎక్కడ ఉందో ఆల్బమ్ క్రెడిట్స్ చూసి రాయి. ఎవరో ఎక్కడో అన్నారని రాయకు. మన సంగీత దర్శకులతో పోలిక తేవాలని కూడా తొందరపడకు. పాఠకుడికి దగ్గర చేద్దామన్న నీ ఉద్దేశం మంచిదే, కానీ ఎయిర్ వాళ్ళ ఊరు, పారిస్ పక్కనున్న వెర్సాయ్‌లో పుట్టిన పాట వెర్సాయ్ పాటగానే మనవాళ్ళకి నచ్చుతుంది.

గొంతు లేనిదీ, ఉన్నదీ రెండూ దొరికే పాటల్లో రెండో జంట నాకు ఇంకా ఇష్టం. సోఫియా కొపోలా తీసిన 'ద వర్జిన్ సూసైడ్స్' సినిమాకి ఎయిర్ సంగీతం చేశారు. ఆ ఆల్బమ్ 2000లో వచ్చింది. మొదటి పాట 'ప్లేగ్రౌండ్ లవ్', పాడినవాడి పేరు గోర్డన్ ట్రాక్స్ అని వేశారు. అసలు మనిషి ఫీనిక్స్ బృందం గాయకుడు తొమా మార్స్, అతనిదీ వెర్సాయే. ఫీనిక్స్ తొలి ఆల్బమ్ అప్పటికింకా రాలేదు. ఆ సంవత్సరమే తర్వాత వచ్చింది. అదే ఆల్బమ్‌లో 'హైస్కూల్ లవర్' అని పియానో మీద నడిచే ముక్క ఒకటుంది. రెండింటిదీ ఒకే బాణీ. పియానో మీద విన్నప్పుడు అది జరిగిపోయినదాన్ని తలుచుకుంటున్నట్టు ఉంటుంది. మార్స్ పాడితే అదే బాణీ ఇప్పుడే, ఈ క్షణంలోనే జరుగుతున్నట్టు ఉంటుంది.

ఇక్కడ నువ్వు అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగకుండా వదిలేశావు. ఆ సినిమా అయిదుగురు అక్కచెల్లెళ్ళ కథ. అయినా పాట అబ్బాయి గొంతులో ఎందుకుంది? 1970ల మిషిగన్‌లో ఆ కథని మనకి చెప్పేది ఆ ఇంటి చుట్టుపక్కల మగపిల్లలు. వాళ్ళు ఆ అమ్మాయిల్ని దూరం నుంచి చూశారు, ప్రేమించామనుకున్నారు, ఏమీ అర్థం చేసుకోలేకపోయారు. కాబట్టి పాట వాళ్ళది. మార్స్ గొంతులో ఇంకా ముదరని కుర్రతనం ఉంది, కొంచెం బద్ధకం ఉంది, తనకి అంతా తెలుసన్న ధీమా కూడా ఉంది. ఇంకా చెయ్యి తిరిగిన గాయకుడు పాడి ఉంటే ఆ అమాయకత్వం చచ్చిపోయేది. ఎయిర్ పిలిచిన అతిథులందరిలో నా దృష్టిలో ఇంత సరైన ఎంపిక ఇంకొకటి లేదు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో ఎయిర్ ఇద్దరూ, మార్స్ కలిసి ఈ పాట వినిపించారు. నీ పాఠకుల్లో కొందరు టీవీలో విని కూడా ఉంటారు, ఆ మాట ఒకటి చేర్చు.

2001 నాటి '10,000 హెర్ట్జ్ లెజెండ్' గురించి నువ్వు చాలా మెచ్చుకుంటూ రాశావు. నాకు అంత నచ్చలేదు, దాచను. అమెరికన్ గాయకుడు బెక్ పాడిన 'ద వేగబాండ్' మంచి పాటే, హార్మోనికా కూడా అతనే వాయించాడు. కానీ అది బెక్ పాట అయిపోయింది, అందులో ఎయిర్ ఇద్దర్నీ వెతుక్కోవాల్సి వస్తుంది. ఇలాంటి మాట రాయడానికి నువ్వు జంకుతున్నట్టున్నావు. నచ్చనిదాన్ని నచ్చలేదని రాయి, ఎందుకో రాయి. అప్పుడే నీ మెప్పుకి విలువ.

ఆ ఆల్బమ్‌లోనే నువ్వు పూర్తిగా వదిలేసిన అతిథి ఒకడున్నాడు. 'హౌ డజ్ ఇట్ మేక్ యు ఫీల్?' పాటలో కంప్యూటర్ గొంతు ఒకటి ఎంతో గంభీరంగా ప్రేమ గురించి మాట్లాడుతూ పోతుంది. చివర్లో ఆడగొంతు అతన్ని సిగరెట్లు మానెయ్యమంటుంది. నేను ఆ పాట విన్న ప్రతిసారీ నవ్వుతాను, ఆ వెంటనే గుండె బరువెక్కుతుంది. పేరు లేదు కాబట్టి నీ జాబితాలో ఆ కంప్యూటర్‌కి చోటు దొరకలేదు. నీ వ్యాసం పేర్ల వెంట నడిచిందని నేను అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

2004 నాటి 'టాకీ వాకీ'లో వాళ్ళు ముఖ్యంగా తామే పాడుకున్నారు. దాన్ని "అతిథులు లేని ఆల్బమ్" అని ఒక్క ముక్కలో దాటేశావు. అయిదారు వాక్యాలైనా రాయి. ఇతరుల గొంతులతో పనిచేసి వచ్చాక సొంత గొంతుతో నిలబడటం ఎలా ఉందో 'చెర్రీ బ్లాసమ్ గర్ల్' వింటే తెలుస్తుంది.

నువ్వు బాగా తడబడింది 2006, 2007 దగ్గర. షార్లోట్ గేన్స్‌బూర్ ఆల్బమ్ '5:55' 2006లో వచ్చింది, ఎయిర్ ఆల్బమ్ 'పాకెట్ సింఫనీ' 2007లో వచ్చింది. తేదీల వరసలో రెండు వేరు వేరు పేరాలుగా రాసేశావు. అవి విడదీయరానివి. '5:55'కి సంగీతం ఎయిర్‌ది, మాటలు చాలావరకు జార్విస్ కాకర్, నీల్ హానన్ రాసినవి, ప్రొడ్యూసర్ నైజెల్ గాడ్రిచ్. కాకర్ ఇంగ్లండ్‌లో పల్ప్ బృందం గాయకుడు, హానన్ డివైన్ కామెడీ అనే బృందం మనిషి. ఇద్దరూ పేరున్న గాయకులే, కానీ అక్కడ గొంతు విప్పకుండా షార్లోట్ కోసం మాటలు రాసిచ్చారు. మరుసటి ఏడాది 'పాకెట్ సింఫనీ'లో కాకర్ 'వన్ హెల్ ఆఫ్ ఎ పార్టీ', హానన్ 'సమ్‌వేర్ బిట్వీన్ వేకింగ్ అండ్ స్లీపింగ్' పాడారు. అవే చేతులు, అదే స్నేహం, ఎవరు ఎవరింటికి అతిథో మాత్రం మారింది. నీ వ్యాసానికి నడుము ఇక్కడ దొరుకుతుంది.

షార్లోట్ గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆమె తండ్రి ఫ్రెంచ్ పాటల రచయిత, గాయకుడు సెర్జ్ గేన్స్‌బూర్, తల్లి నటి, గాయని జేన్ బర్కిన్. ఆమె మొదటి ఆల్బమ్ 1986లో వచ్చింది, పాటలు తండ్రివి. 1991లో ఆయన పోయారు. రెండో ఆల్బమ్ రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఎయిర్ సంగీతం మీద సెర్జ్ 1971లో చేసిన ఆల్బమ్ నీడ ఎంతగా ఉందో విన్నవాళ్ళందరికీ తెలుసు. అంటే సెర్జ్ పాటలు విని పెరిగిన ఇద్దరు, ఆయన కూతురి కోసం పాటలు కట్టాలి. ఎంత టెన్షన్ పడి ఉండాలో ఊహించు. ఆమెది పెద్ద గొంతు కాదు. దాదాపు గుసగుసగా పాడుతుంది. సంగీతం ఆ కొలతకి తగ్గట్టే కుట్టారు. ఎక్కడా ఆమెని గట్టిగా పాడమని తొందరపెట్టలేదు. "మంత్రముగ్ధుల్ని చేసింది" అన్న నీ మాట కొట్టేసి, అంత చిన్న గొంతు పాట మొత్తాన్ని ఎలా మోసిందో విని రాయి.

మూగ్ సింథసైజర్, రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో లాంటి వాద్యాల పేర్లు రాసినచోట ఒక్క వాక్యంలో అది ఎలా మోగుతుందో చెప్పు. పాఠకుణ్ణి వేరే చోట వెతుక్కోమనకు. అలాగే "ఫ్రాన్స్‌కు చెందిన ప్రముఖ బృందం" అని మొదలుపెట్టకు. నీ మొదటి వాక్యంలోనే ఎవరో ఒకరు పాడుతుండాలి.

తిరగరాసేటప్పుడు అతిథులందర్నీ పెట్టాలని చూడకు. ఇద్దరో ముగ్గురో చాలు. 1998లోనే ఫ్రెంచ్ గాయని ఫ్రాంస్వాజ్ ఆర్డీ వాళ్ళతో 'జాన్' పాడింది, నాకు ప్రాణమైన పాట. అయినా నీకు చెప్పడానికేమీ లేకపోతే దాన్ని కూడా తీసెయ్యి. 2012 నాటి 'లె వోయాజ్ దాఁ లా లూన్' మాత్రం వదలకు. జార్జ్ మెలియెస్ 1902లో తీసిన మూకీ సినిమాకి కట్టిన సంగీతం అది. మాటలే లేని సినిమా నుంచి పుట్టిన ఆల్బమ్‌లోకి బీచ్ హౌస్ అనే అమెరికన్ బృందం గాయని విక్టోరియా లెగ్రాండ్ వచ్చి 'సెవెన్ స్టార్స్' పాడింది. అక్కడ గొంతు అవసరమా అన్నది నాకింకా సందేహమే. ఆ పాటలో డ్రమ్స్ ఒక్కటే సరిపోయేవేమో అనిపిస్తుంది. నువ్వు ఆమె లేకపోతే పాటే లేదంటున్నావు. నీదే నిజమని పాటలోంచే చూపించు. వచ్చే నెల పత్రికకి పంపే ముందు ఆ పేరా ఒక్కటి నాకు పంపు, మిగతాది అచ్చులో చదువుకుంటాను.

ప్రేమతో,
అన్నయ్య